అర్జెంటుగా కొనాలంటే ఏ దారి పట్టాలి? ప్రభుత్వ ఆఫీసుల అత్యవసర కొనుగోళ్లకు ఉన్న మార్గాల పోలిక

రాత్రి పదకొండు దాటాక వాగు పొంగి లోతట్టు వీధుల్లోకి నీళ్లొచ్చాయని ఫోన్ వస్తుంది. తెల్లారేసరికి స్కూలు బిల్డింగులో నాలుగైదు వందల మంది చేరతారు. వాళ్లకు టిఫిన్ పెట్టాలి, తాగునీళ్లు అందించాలి, పసిపిల్లలకు పాలు కావాలి, ముసలివాళ్లకు దుప్పట్లు కావాలి. టెండరు పిలిచి, మూడు వారాలు ఆగి, తక్కువ రేటు వేసినవాళ్లకు ఆర్డరు ఇచ్చేంత వ్యవధి అక్కడ ఉండదు. అలాగని కనిపించిన షాపులో, వాళ్లు చెప్పిన రేటుకు, నోటిమాట మీద కొనేస్తే రెండేళ్లకు ఆడిట్ పేరా, అంటే ఆడిట్ రిపోర్టులో అభ్యంతరం, వస్తుంది. ఆ లోపు సరుకిచ్చిన వ్యాపారి డబ్బుల కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంటాడు.

నేను ఒక జిల్లా ఆఫీసులో చాలా ఏళ్లు కొనుగోళ్ల సెక్షన్ చూసి రిటైరయ్యాను. అత్యవసరం పేరుతో డబ్బు తినాలని చూసినవాళ్లు లేరనను. కానీ నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం నిజాయతీగా పనిచేసినవాళ్లకు వచ్చినవే. కొందరు తప్పు దారి ఎంచుకున్నారు. కొందరు సరైన దారినే వెళ్లినా రాయాల్సిన కాగితం ఆ రోజు రాయలేదు. తహశీల్దారు ఆఫీసు, మున్సిపాలిటీ, ప్రభుత్వాసుపత్రి, గ్రామ పంచాయతీ లాంటి చోట్ల కొత్తగా ఈ పని మీద పడ్డవాళ్ల కోసం, అలాగే ప్రభుత్వం తన డబ్బు ఎలా ఖర్చు పెడుతోందో అడగాలనుకునే మామూలు జనం కోసం ఇది రాస్తున్నాను.

నా సలహా అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. మీ చేతిలో ఎంత టైము ఉందో నిజాయతీగా లెక్కేసుకోండి. ఆ టైములో పూర్తయ్యే దారుల్లో ఏ దారిలో ఎక్కువ మంది రేటు వేయగలరో దాన్నే పట్టుకోండి. రెండు రోజులు ఆగగలిగే పనికి రెండు గంటల దారి పట్టకండి.

ముందు మీ ఆఫీసు ఏ నిబంధనల కిందకి వస్తుందో చూసుకోండి

కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు, కేంద్రం నిధులతో నడిచే స్వయంప్రతిపత్తి సంస్థలకు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 వర్తిస్తాయి. వీటిని అందరూ జీఎఫ్ఆర్ అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఆఫీసులకు వాటి ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్, ఆయా శాఖలు ఇచ్చిన జీవోలు ఆధారం. విపత్తు నిర్వహణ చట్టం 2005 మాత్రం దేశమంతటికీ ఒకటే. కింద నేను జీఎఫ్ఆర్ నంబర్లు చెబుతున్నాను. వాటి వరస బాగుంటుంది, రాష్ట్రాల పద్ధతులు కూడా ఇంచుమించు అదే తీరులో నడుస్తాయి. అయితే రాష్ట్ర ఆఫీసులో కూర్చుని ఫైల్లో జీఎఫ్ఆర్ నంబరు రాయకండి. మీ జీవో నంబరే రాయాలి. నోట్‌లో వేరే ప్రభుత్వపు రూలు కోట్ చేయడం మొదటి చూపులోనే దొరికిపోయే తప్పు.

రూపాయల పరిమితులను ఆర్థిక శాఖ అప్పుడప్పుడూ మారుస్తుంది. నేను ఇచ్చే అంకెలు 2017లో రూల్స్ వచ్చినప్పటివి. కొనేముందు తాజా ఉత్తర్వు తెప్పించి ఫైల్లో పెట్టుకోండి.

అసలు అది అత్యవసరమేనా?

నెల రోజుల ముందే తెలిసిన పని చేయకుండా కూర్చుని, చివరి రోజున 'అర్జెంట్' అని ఎర్ర ఇంకుతో రాస్తే అది అత్యవసరం కాదు. జీఎఫ్ఆర్ 162వ రూలు ఈ సంగతి గట్టిగానే పట్టుకుంది. అర్జెంటు కారణంతో బహిరంగ టెండరు మానేస్తే, ఆ అర్జెంటు ఏ రకమైనదో రాయడంతో పాటు, ఈ అవసరాన్ని ముందుగా ఎందుకు ఊహించలేకపోయారో కూడా రికార్డు చేయాలంటుంది. ఈ రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి కూర్చుంటే మనకే తెలిసిపోతుంది. మే నెలలో తాగునీటి ఎద్దడి వస్తుందని ఊహించలేదని ఎవరు రాయగలరు? రాత్రికి రాత్రి గట్టు తెగుతుందని ఊహించలేదంటే నమ్మొచ్చు.

మార్చి నెలాఖరు కొనుగోళ్లు కూడా ఇలాంటివే. బడ్జెట్ మురిగిపోతుందన్నది అత్యవసరం కిందకి రాదు. ఆర్థిక సంవత్సరం చివర ఖర్చులు ఒక్కసారిగా పెంచడం ఆర్థిక క్రమశిక్షణకు విరుద్ధమని 62వ రూలు చెబుతుంది.

నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా ఒకరినే పిలిచి పని ఇవ్వడం మీద, సుప్రీంకోర్టు 2006లో మీరట్ నగర నిగమ్ కేసులో ఒక గీత గీసింది. ప్రకృతి విపత్తులు, ప్రభుత్వం ప్రకటించిన ఎమర్జెన్సీలు, ఒకే చోట దొరికే సరుకు లాంటి అరుదైన సందర్భాల్లోనే అది చెల్లుతుందని చెప్పింది. ఆ తీర్పును గుర్తుచేస్తూ 2007లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపింది. విజిలెన్స్ వాళ్లు మీ ఫైలు తెరిచినప్పుడు వాళ్ల తలలో ఉండే కొలబద్ద అదే.

కొనకుండా గడిచే దారి ఉందేమో మొదట చూడండి

అర్జెంటు అనగానే అందరి మనసూ కొనుగోలు మీదికే పోతుంది. అంతకంటే తొందరగా అయ్యే దారులు చాలాసార్లు పక్కనే ఉంటాయి.

గ్రామ పంచాయతీలో బోరు మోటారు కాలిపోయిందనుకోండి. మూడు వీధులకు నీళ్లు ఆగాయి. కొత్త మోటారు కొనాలని సెక్రటరీ కొటేషన్ల కోసం పరుగు పెడతాడు. కానీ వైండింగ్ చేయిస్తే ఒకట్రెండు రోజుల్లో అదే మోటారు మళ్లీ నడుస్తుంది. ఆ రెండు రోజులూ ట్యాంకరు అద్దెకు పెడితే సరిపోతుంది. ట్యాంకరు అద్దె కూడా ఖర్చే కాబట్టి ట్రిప్ షీటు రాయండి. ఏ వీధికి, ఎన్ని గంటలకు, ఎన్ని లీటర్లు వచ్చాయో రాసి, ఆ వీధిలో ఉండే వార్డు సభ్యుడి చేతనో, నీళ్లు పట్టుకున్న ఇద్దరి చేతనో సంతకం చేయించండి. వేసవి ట్యాంకర్ల బిల్లుల మీద వచ్చే ఆరోపణల్లో సగానికి పైగా ఆ ట్రిప్ షీట్లు లేకపోవడం వల్లే వస్తాయని నా అనుభవం.

పక్క ఆఫీసు స్టోర్స్‌లో ఉన్నది అప్పుగా తెచ్చుకోవడం ఇంకో దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తి తగ్గాక ఇళ్లలో, వీధుల్లో పేరుకున్న బురద కడగడానికి ఫైరింజన్లు వాడారు. కొత్తగా ఏమీ కొనకుండానే, ప్రభుత్వం దగ్గరున్న బండ్లతోనే ఆ పని నడిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. అప్పుడు వేరే జిల్లాల సిబ్బందిని రప్పించి లైన్లు నిలబెట్టారు. ఇలా తెచ్చుకున్న సరుకుకు ఇండెంటు, చలానా, స్టాక్ రిజిస్టరులో ఎంట్రీ ఉంటే చాలు.

మూడోది, ఇప్పటికే అమల్లో ఉన్న రేటు కాంట్రాక్టు. మందులు, సర్జికల్స్ అయితే రెండు రాష్ట్రాల్లోనూ వైద్య సేవల, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థలు ముందే టెండరు పిలిచి రేట్లు ఖరారు చేసి ఉంటాయి. ఆ సరుకు సెంట్రల్ డ్రగ్ స్టోర్‌లో లేదని రాతపూర్వకంగా వచ్చాకే లోకల్ పర్చేజ్‌కు వెళ్లండి. 'లేదు' అని ఫోన్లో చెప్పారంటే అది ఫైలుకు పనికిరాదు.

విపత్తు సమయంలో స్వాధీనం అనే దారి కూడా ఉంది. విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద జిల్లా అథారిటీ లేదా దాని అధికారం పొందిన అధికారి రాతపూర్వక ఉత్తర్వుతో వాహనాలు, భవనాలు, ఇతర వనరులు తాత్కాలికంగా తీసుకోవచ్చు. 66వ సెక్షన్ ప్రకారం దానికి పరిహారం ఇవ్వాలి. వాహనానికైతే ఆ ప్రాంతంలో నడుస్తున్న అద్దె రేటును బట్టి లెక్కకడతారు. లారీలు, ట్రాక్టర్లు, పడవలు, ఫంక్షన్ హాళ్లు కావాల్సినప్పుడు బేరంలో టైము పోకుండా ఇది మంచి దారి. అయితే ఉత్తర్వు ఇవ్వకుండా హోంగార్డును పంపి బండి తాళాలు లాక్కుంటే అది స్వాధీనం అనిపించుకోదు.

చిన్న మొత్తాలకు: నేరుగా కొనడమా, కమిటీయా?

154వ రూలు ప్రకారం, 2017 అంకెల్లో, 25,000 రూపాయల వరకు కొటేషన్ లేకుండా కొనొచ్చు. కొన్న అధికారి, ఈ సరుకు నాణ్యత, ధర తనకు వ్యక్తిగతంగా సంతృప్తికరమని సర్టిఫికెట్ రాయాలి. గంటలో అయ్యే పని. 155వ రూలు ప్రకారం, అవే 2017 అంకెల్లో, 25,000 దాటి రెండున్నర లక్షల వరకు ముగ్గురు సభ్యుల కొనుగోలు కమిటీ మార్కెట్‌కు వెళ్లి, రేట్లు విచారించి, సరఫరాదారుణ్ని సిఫారసు చేయాలి. ఇది మామూలుగా జెమ్ పోర్టల్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్‌లో, దొరకని సరుకులకు వాడే దారి.

రెంటిలో ఏది అంటే నాకు కమిటీ అంటేనే ఇష్టం. కారణం ఆ సర్టిఫికెట్‌లోని మాట. సభ్యులు 'ఉమ్మడిగానూ, విడివిడిగానూ' సంతృప్తి చెందామని సంతకం పెడతారు. అంటే తర్వాత ఎవరూ 'పెద్దాయన పెట్టమంటే పెట్టాను' అనడానికి లేదు. ఒక్క పూటలో ముగ్గురు కలిసి నాలుగు షాపులు తిరగొచ్చు. ఏ షాపులో ఏ రేటు చెప్పారో చిన్న కాగితం మీద రాసుకున్నా అది మార్కెట్ సర్వేనే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆరు లక్షల దుప్పట్లు కొనాల్సి ఉంటే దాన్ని రెండు లక్షల చొప్పున మూడు బిల్లులుగా విడగొట్టకండి. పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి అవసరాన్ని ముక్కలు చేయకూడదని 157వ రూలు. వరస నంబర్లతో, ఒకే తేదీతో, ఒకే షాపు నుంచి వచ్చిన మూడు బిల్లులు చూడగానే ఆడిటరుకు ఇంకేమీ వెతకాల్సిన పని ఉండదు.

జెమ్ పోర్టల్

2016 ఆగస్టులో మొదలైన గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్‌ను ఆఫీసుల్లో జెమ్ అనే అంటారు. కేంద్ర ఆఫీసులకు అక్కడ దొరికే సరుకు అక్కడే కొనడం తప్పనిసరి. చిన్న మొత్తానికి నేరుగా ఎవరి దగ్గరైనా కొనొచ్చు. ఆపైన కనీసం ముగ్గురు వేర్వేరు తయారీదారుల సరుకులు పోల్చి, స్పెసిఫికేషన్‌కు, డెలివరీ గడువుకు సరిపోయినవాటిలో తక్కువ ధరది తీసుకోవాలి. ఇంకా పెద్ద మొత్తమైతే పోర్టల్ మీదే బిడ్డింగ్ పెట్టాలి.

ప్రింటరు, ఫ్యాను, కుర్చీ లాంటి తయారుగా దొరికే సరుకులకు, వారం పది రోజులు ఆగగలిగితే, ఇంతకంటే మంచి దారి లేదు. రికార్డంతా దానంతటదే తయారవుతుంది. రేపు పొద్దున్నకు కావాలంటే మాత్రం జెమ్‌ను నమ్ముకోకండి. డెలివరీ గడువు అని అక్కడ కనిపించే తేదీ మైదాన ప్రాంతపు పట్టణాలకు నిజమవుతుందేమో గానీ, రోడ్డు తెగిన ఏజెన్సీ మండలానికి కాదు. అలాంటప్పుడు పోర్టల్‌లో వెతికిన పేజీ ప్రింటు తీసి, 'గడువులోగా ఇచ్చేవారు లేరు' అని రాసి ఫైల్లో పెట్టి వేరే దారికి వెళ్లండి. ఆ ఒక్క ప్రింటు చాలా ప్రశ్నలను ఆపుతుంది. దాంతోపాటు అక్కడ కనిపించిన ధర కూడా రాసుకోండి. బయట కొన్న ధర సమంజసమా కాదా అని చూపడానికి అదే మీ ఆధారం.

లిమిటెడ్ టెండరా, సింగిల్ టెండరా?

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఎక్కువ డబ్బు పోయేది కూడా ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బహిరంగ టెండరుకు మామూలుగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి. విదేశీ బిడ్లు కూడా కావాలంటే నాలుగు వారాలు. లిమిటెడ్ టెండరులో మూడు కంటే ఎక్కువ సంస్థలకు నేరుగా మెయిల్ పంపి రేట్లు అడుగుతాం. 2017 రూల్స్‌లో 25 లక్షల వరకు ఇది మామూలు పద్ధతే. అంతకు మించిన మొత్తానికి కూడా వాడొచ్చు గానీ అర్జెంటని, బహిరంగ టెండరు మానడం వల్ల కాస్త ఎక్కువ ఖర్చయినా అది సమర్థనీయమేనని అధికారమున్న వ్యక్తి సర్టిఫై చేయాలి.

సింగిల్ టెండరు, అంటే ఒకే సంస్థను రేటు అడిగి కొనడం, 166వ రూలు. మూడు సందర్భాల్లోనే చెల్లుతుంది. ఆ సరుకు ఒకే సంస్థ తయారుచేస్తుంటే, అత్యవసరంలో ఒక నిర్దిష్ట చోటే కొనక తప్పని పరిస్థితి ఉంటే, ఉన్న మెషినుకు సరిపడే విడిభాగాల కోసమైతే. రెండో దాన్ని చదివేటప్పుడు 'అత్యవసరం' దగ్గరే ఆగిపోతారు చాలామంది. అత్యవసరం ఉంటే చాలదు, ఆ చోటే కొనక తప్పదని కూడా రాయగలగాలి. ఊళ్లో టార్పాలిన్లు అమ్మే షాపులు ఆరు ఉంటే, ఎంత తుపాను వచ్చినా ఒక్క షాపును మాత్రమే అడిగామనడానికి ఈ రూలు సాయం చేయదు. ఆపరేషన్ థియేటర్లోని వెంటిలేటరుకు ఆ కంపెనీ సెన్సారే పడుతుందంటే చేస్తుంది. దానికి బయోమెడికల్ ఇంజనీరు చేత సర్టిఫికెట్ రాయించండి.

లిమిటెడ్ టెండరుకు వారాలు పడతాయన్నది అపోహ. నేను చేసిన వాటిలో కొన్ని రెండు రోజుల్లో ముగిశాయి. ఉదయం పదింటికి ఆరుగురికి మెయిల్, దాని వెంటే ఫోన్. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి కమిటీ ముందు తెరవడం, సాయంత్రానికి ఆర్డరు. ఇద్దరే స్పందించినా ఫర్వాలేదు, రికార్డు ఉంటే చాలు. ఇద్దరు పోటీ పడ్డప్పుడు వచ్చే రేటుకు, ఒక్కరినే అడిగినప్పుడు వచ్చే రేటుకు ఉన్న తేడా నా కళ్లతో చూశాను. అందుకే 48 గంటల సందు ఉన్నా సరే లిమిటెడ్ టెండరే పిలవమంటాను.

ఒక్కరి దగ్గరే కొనక తప్పనప్పుడు ఆర్డరులో రాసే షరతులే మీకు రక్ష. 2020 ఏప్రిల్ సంగతి గుర్తుచేసుకోండి. కోవిడ్ ర్యాపిడ్ కిట్లకు ప్రపంచమంతా ఎగబడిన రోజులు. ఆంధ్రప్రదేశ్ దక్షిణ కొరియా నుంచి లక్ష కిట్లు తెప్పించింది. ఒక్కోటి 730 రూపాయల రేటు. అదే సమయంలో ఛత్తీస్‌గఢ్ తాము కొరియా కంపెనీ కిట్లే 337 రూపాయలకు, పైన జీఎస్టీకి కొంటున్నామని ప్రకటించింది. ఇక్కడ పెద్ద దుమారం లేచింది. ఇదే కంపెనీ దేశంలో ఇంకెవరికైనా తక్కువకు ఇస్తే ఆ తక్కువ రేటే చెల్లిస్తామని ఆర్డరులో ముందే షరతు పెట్టామని రాష్ట్ర అధికారులు జవాబిచ్చారు. రాజకీయం పక్కన పెట్టి చూస్తే, ఆ ఒక్క వాక్యం విలువ ఎంతో తెలుస్తుంది. మార్కెట్ రేటు ఎంతో ఎవరికీ తెలియని రోజుల్లో కొంటున్నప్పుడు ఈ షరతు లేకుండా సప్లై ఆర్డరు మీద సంతకం పెట్టకండి.

అదే నెలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 600 రూపాయల రేటుకు ఆర్డరిచ్చిన చైనా యాంటీబాడీ కిట్ల దిగుమతి ధర 245 రూపాయలేనని, పంపిణీదారుల మధ్య ఢిల్లీ హైకోర్టులో నడిచిన కేసులో బయటపడింది. కోర్టు 400కు మించి అమ్మొద్దంది. కిట్లు సరిగ్గా పనిచేయడం లేదని తేలి ఆర్డరే రద్దయింది. అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి ఒక్క రూపాయి కూడా నష్టపోలేదని కేంద్రం చెప్పగలిగింది. అర్జెంటులో సరఫరాదారు మొదట అడిగేది అడ్వాన్సే. జీఎఫ్ఆర్ 172వ రూలు ప్రైవేటు సంస్థకు 30 శాతం, ప్రభుత్వ సంస్థకు 40 శాతం దాటొద్దంటుంది. ఇచ్చే ఆ కాస్తా బ్యాంకు గ్యారంటీ మీదే ఇవ్వండి. గ్యారంటీ ఇవ్వలేనంటే, సరుకు దిగాక, చూసుకున్నాక డబ్బులని చెప్పండి.

విపత్తు చట్టం 50వ సెక్షన్: అన్నిటికంటే వేగం, అన్నిటికంటే జాగ్రత్త

విపత్తు ముంచుకొచ్చినప్పుడు లేదా వచ్చేలా ఉన్నప్పుడు, రక్షణ, సహాయ పనులకు వెంటనే సరుకు కావాలని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా అథారిటీ భావిస్తే, సంబంధిత శాఖకు అత్యవసర కొనుగోలు అధికారం ఇవ్వొచ్చు. అప్పుడు టెండరు పిలవాల్సిన పద్ధతి మాఫీ అయినట్టే లెక్క. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. సరుకు వినియోగమైందని నియంత్రణాధికారి ఇచ్చే సర్టిఫికెట్టే లెక్కలకు చెల్లే వోచరు అవుతుంది. జిల్లాలో ఈ అథారిటీకి కలెక్టరు చైర్‌పర్సన్.

మొదట్లో చెప్పిన ఆ రాత్రికి సరిపోయే దారి ఇదే. కాని మూడు హద్దులు గుర్తుంచుకోవాలి.

అథారిటీ అధికారం ఇస్తేనే ఇది వర్తిస్తుంది. తహశీల్దారు తనంతట తాను 50వ సెక్షన్ వాడుకున్నాననలేడు. ఆ రాత్రి ఫోన్లో కలెక్టరు చెబితే, వెంటనే ఆ మాటను మెసేజ్ రూపంలో, టైముతో సహా తిరిగి పంపి, 'మీరు చెప్పిన ప్రకారం కొంటున్నాం' అని రాయండి. పొద్దున్నే ప్రొసీడింగ్స్, అంటే రాతపూర్వక ఉత్తర్వు, తెచ్చుకోండి.

రక్షణ, సహాయం వరకే ఇది పనికొస్తుంది. భోజనం, నీళ్లు, మందులు, పడవలు, టార్పాలిన్లు, జనరేటర్లు ఇందులోకి వస్తాయి. కొట్టుకుపోయిన కల్వర్టు శాశ్వతంగా కట్టడం, ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు కొనడం రావు. వాటికి మామూలు టెండరు దారే.

టెండరు మాఫీ అయింది గానీ ధర చూసుకునే బాధ్యత మాఫీ కాలేదు. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి రేటు అడగడానికి పది నిమిషాలు పడుతుంది. ఎవరికి, ఎన్ని గంటలకు చేశారు, ఎంత చెప్పారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఆ పది నిమిషాలు కూడా లేని సందర్భం నా సర్వీసులో రాలేదు.

నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక వరదలో ఒక ఆఫీసు వాళ్లు అర్ధరాత్రి షాపు తెరిపించి టార్పాలిన్లు, కొవ్వొత్తులు తీసుకున్నారు. ఆ షాపతను పెళ్లాం పిల్లల్ని మేడ మీద వదిలి, మోకాలి లోతు నీళ్లలో వచ్చి షట్టరు ఎత్తాడు. సప్లై ఆర్డరు రాయలేదు. సరుకు తీసుకెళ్లిన అటెండరు సంతకం ఉన్న తెల్లకాగితం ఒక్కటే అతని దగ్గర మిగిలింది. తర్వాత ఆఫీసరు బదిలీ అయ్యారు, కొత్తాయన 'ఆర్డరు లేకుండా బిల్లు ఎలా పెట్టను' అన్నారు. ఆయన తప్పూ కాదు. పద్నాలుగు నెలలకు ఎలాగో ర్యాటిఫికేషన్ (కొన్నాక ఇచ్చే ఆమోదం) తెచ్చి డబ్బులిచ్చాం. ఆ తర్వాతి ఏడాది వానలకు అతన్ని పిలిస్తే షాపు తీయనన్నాడు. నేను అతన్ని ఒక్క మాట అనలేకపోయాను. ఆ రాత్రి ఆర్డరు రాయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు మేము పెట్టలేదు.

టీఆర్ 27ను కొనుగోలు దారి అనుకోకండి

రెండు రాష్ట్రాల్లోనూ కలెక్టరేట్లలో తరచూ వినిపించే మాట ఇది. ట్రెజరీ కోడ్‌లోని 27వ రూలు ప్రకారం, అత్యవసర పరిస్థితిలో కలెక్టరు రాతపూర్వక ఉత్తర్వుతో, మామూలు ట్రెజరీ నిబంధనలు పాటించకుండానే చెల్లింపు చేయమని ట్రెజరీ అధికారిని ఆదేశించొచ్చు. పెన్షన్ చెల్లింపులకు ఇది వర్తించదు. ఆ ఉత్తర్వు, దానికి దారితీసిన పరిస్థితుల వివరం వెంటనే అకౌంటెంట్ జనరల్‌కు వెళ్లాలి.

దీనికీ 50వ సెక్షన్‌కూ తేడా తెలియక చాలామంది ఇరుక్కుంటారు. టీఆర్ 27 డబ్బు బయటికి తీసే దారి. ఎవరి దగ్గర, ఏ పద్ధతిలో కొనాలో అది చెప్పదు. 'టీఆర్ 27 కింద డ్రా చేశాం కాబట్టి టెండరు అక్కర్లేదు' అని రాసిన నోట్ నేను చూశాను. అది నిలబడదు. విపత్తులో రెండూ కలిపి వాడాల్సి వస్తే రెండు వేర్వేరు ఉత్తర్వులు ఉండాలి. ఒకటి కొనుగోలుకు, రెండోది డబ్బు డ్రా చేయడానికి. అడ్వాన్సుగా తీసిన డబ్బుకు వివరమైన బిల్లులు గడువులోగా ట్రెజరీకి చేరాలి. ఇలా సర్దుబాటు కాకుండా మిగిలిన మొత్తాల గురించి కాగ్ నివేదికలు మళ్లీ మళ్లీ రాస్తూనే ఉంటాయి.

మీ పరిస్థితికి ఏది?

వరద రాత్రి, గంటల్లో కావాలి: ఉన్న స్టాకు, పక్క ఆఫీసుల వనరులు, వాహనాలకు స్వాధీన ఉత్తర్వు, మిగిలినదానికి 50వ సెక్షన్. అయితే ఇది మొదటి రెండు మూడు రోజులకే. శిబిరం వారం నడుస్తుందని మూడో రోజుకు తెలిసిపోతుంది. ఆ రోజే నాలుగో రోజు నుంచి కావాల్సిన బియ్యానికి, కూరగాయలకు, గ్యాసుకు లిమిటెడ్ కొటేషన్లు పిలవండి. పదో రోజున కూడా మొదటి రాత్రి రేటుకే కొంటుంటే దానికి జవాబు చెప్పడం కష్టం.

ఆసుపత్రిలో మెషిన్ ఆగింది: విడిభాగం ఆ కంపెనీదే అయితే సింగిల్ టెండరు, టెక్నికల్ సర్టిఫికెట్‌తో. అలాంటి మెషినే అద్దెకు దొరికితే రెండు వారాలు అద్దెకు తీసుకుని ఈలోగా పోటీతో కొనడం మేలు. మందులైతే స్టోర్స్‌లో లేదన్న కాగితం తెచ్చుకుని కమిటీ ద్వారా లోకల్ పర్చేజ్, అది కూడా పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే. మూడు నెలల సరుకు అర్జెంటు పేరుతో కొనకూడదు.

తాగునీటి మోటారు, వీధిదీపాలు, కూలిన గోడ: రిపేరు, అద్దె, తర్వాతే కొనుగోలు. సివిల్ పని ఉంటే నామినేషన్ మీద ఇచ్చే ముందు మీ శాఖ జీవోలో పరిమితి చూసుకోండి. కొలతలు ఎం-బుక్ (మెజర్‌మెంట్ బుక్)లో ఎక్కకుండా బిల్లు చేయకండి.

పరీక్షలు, ఎన్నికలు, జాతర్ల లాంటి తేదీ ముందే తెలిసిన పనులు: వీటికి అత్యవసర దారి ఏదీ లేదు. ఆలస్యమైపోయి ఉంటే గడువు తగ్గించి టెండరు పిలవండి, ఆలస్యం ఎందుకైందో దాచకుండా రాయండి. నిజం రాసిన నోట్‌ను ఆడిటర్లు గౌరవించడం చాలాసార్లు చూశాను.

వానలకు ముందే చేసిపెట్టుకోవాల్సింది

నా సర్వీసు చివరి నాలుగేళ్లు ఏప్రిల్, మే నెలల్లో ఒక పని చేసేవాళ్లం. టార్పాలిన్లు, దుప్పట్లు, కొవ్వొత్తులు, నీళ్ల ప్యాకెట్లు, పాల పొడి, భోజనం ప్లేటు చొప్పున, జనరేటరు రోజు అద్దె, ట్యాంకరు ట్రిప్పు, జేసీబీ గంట, పడవ రోజుకు... ఇలా ఇరవై ముప్పై వస్తువులకు తీరిగ్గా టెండరు పిలిచి, ఏడాది పాటు చెల్లేలా రేట్లు ఖరారు చేసేవాళ్లం. ప్రతి వస్తువుకూ ఇద్దరు ముగ్గురు సరఫరాదారుల్ని ఉంచేవాళ్లం, ఒకరి గోడౌనే మునిగిపోతే రెండోవాళ్లు ఉండాలని. ఎంత కొంటామో హామీ ఇచ్చేవాళ్లం కాదు. అవసరం రాకపోతే ఖర్చూ లేదు.

ఆ లిస్టు, సరఫరాదారుల రాత్రి ఫోన్ నంబర్లు, ఖాళీ సప్లై ఆర్డరు పుస్తకం, కార్బన్ పేపర్లు, రబ్బరు స్టాంపు, ఒక టార్చిలైటు కలిపి ఒక రేకుపెట్టెలో పెట్టి, జూన్ ఒకటో తేదీకల్లా ప్రతి మండలానికీ ఒకటి పంపేవాళ్లం. కరెంటు పోయి కంప్యూటరు పనిచేయకపోయినా ఆ పెట్టె తెరిచి ఆర్డరు రాయొచ్చు.